బస్టాపు కార్పొరేషన్‌ది, బస్సు కాదు: శ్రీకాకుళం, విజయనగరంలో నిర్ణయాలు ఎక్కడ జరుగుతున్నాయి?

క్లుప్తంగా

శ్రీకాకుళం, విజయనగరం రెండూ నగరపాలక సంస్థలే. కానీ ఇంటి పన్ను లెక్క, లేఅవుట్ నిబంధనలు, పేదల ఇళ్ల స్థలాలు, బస్సులు, ఆటో పర్మిట్లు అన్నీ రాష్ట్ర చట్టాల నుంచో, సచివాలయంలో వెలువడే జీవోల నుంచో వస్తాయి. ఎన్నికైన కౌన్సిల్ ఉన్న ఊరికీ లేని ఊరికీ పెద్ద నిర్ణయాల్లో తేడా తక్కువ, రోజువారీ పనుల్లో తేడా ఎక్కువ. ఒక ఇబ్బంది వెనక ఏ చట్టం ఉందో తెలిస్తే ఎవరిని నిలదీయాలో తేలుతుంది.

"జీవో అలా ఉందండీ"

ఇంటి పన్ను ఎందుకు పెరిగిందని కార్పొరేషన్ ఆఫీసులో అడిగితే జీవో అలా ఉందంటారు. కొన్న స్థలంలో ఇంటికి ప్లాన్ ఎందుకివ్వరంటే రూల్సు ఒప్పుకోవంటారు. మా కాలనీకి ఒక బస్సు వెయ్యండి బాబూ అంటే ఆర్టీసీ వాళ్లని అడగమంటారు. విన్నవాళ్లకి ఇవన్నీ తప్పించుకునే మాటల్లా అనిపిస్తాయి. కొన్నిసార్లు నిజంగానే తప్పించుకుంటారు కూడా. కానీ చాలాసార్లు ఆ కౌంటర్ వెనక మనిషి చెప్పేది ఉన్నమాటే, ఎందుకంటే ఊళ్లో మనకి కనిపించే ప్రభుత్వం కార్పొరేషనే అయినా దాని చేతిలో ఉన్న అధికారం చాలా కొద్ది.

రాజ్యాంగం 7వ షెడ్యూల్‌లో రాష్ట్ర జాబితా 5వ అంశం స్థానిక పాలన. అంటే మునిసిపాలిటీ ఎలా ఉండాలి, ఏం చెయ్యాలి, ఎంత పన్ను వెయ్యాలి అన్నది శాసనసభ ఇష్టం. 1993 జూన్ 1 నుంచి అమల్లోకొచ్చిన 74వ రాజ్యాంగ సవరణ ఈ పరిస్థితిని మార్చడానికే వచ్చింది. ఐదేళ్లకోసారి ఎన్నికలు, రిజర్వేషన్లు, రాష్ట్ర ఆర్థిక సంఘం లాంటివి తప్పనిసరి చేసింది, 12వ షెడ్యూల్ పేరుతో 18 పనుల జాబితా కూడా ఇచ్చింది. అయితే ఆ 18 పనులూ పట్టణాలకి అప్పగించే విషయం మాత్రం 243డబ్ల్యూ అధికరణం మళ్లీ రాష్ట్రాల ఇష్టానికే వదిలేసింది. ఇస్తే ఇవ్వొచ్చు, ఇవ్వకపోతే అడిగేవాళ్లు లేరు.

ఆ జాబితా ఒకసారి చదివితే చాలా విషయాలు అర్థమవుతాయి. పట్టణ ప్రణాళిక, భవన నిర్మాణాల నియంత్రణ, రోడ్లు, వంతెనలు, మంచినీళ్లు, పారిశుధ్యం, మురికివాడల అభివృద్ధి, శ్మశానాలు, కబేళాలు ఉన్నాయి. 17వ అంశంలో వీధిదీపాలు, పార్కింగ్ స్థలాలు, బస్టాపులు ఉన్నాయి. బస్సులు మాత్రం ఎక్కడా లేవు! మురికివాడలు తప్ప గృహనిర్మాణం కూడా లేదు. ఊరు పెరిగే కొద్దీ జనానికి ముందుగా కావలసినవి ఉండడానికి ఇల్లు, తిరగడానికి బండి. ఈ రెండూ మొదట్నుంచీ ఊరి పాలకుల చేతిలో పెట్టలేదు.

కౌన్సిల్ ఉన్న ఊరు, లేని ఊరు

ఈ రెండు నగరాలని పక్కపక్కన పెట్టి చూడడంలో ఒక ఉపయోగం ఉంది. ఒకేలాంటి ఊళ్లు, ఒకే ప్రాంతం, ఒకే ప్రభుత్వం, కానీ విజయనగరంలో ఎన్నికైన పాలకవర్గం పనిచేసింది, శ్రీకాకుళంలో 2010 నుంచి లేదు.

శ్రీకాకుళం మునిసిపాలిటీ 1856 నాటిది, విజయనగరం 1888 నాటిది. రెండింటికీ కార్పొరేషన్ హోదా ఈమధ్య వచ్చినదే. శ్రీకాకుళానికి 2015 డిసెంబరులో ఆ హోదా ఇచ్చారు, విజయనగరం 2019లో పూర్తిస్థాయి కార్పొరేషన్ అయింది. హోదా మారితే ఏం మారుతుంది? ఛైర్‌పర్సన్ మేయర్ అవుతారు, 1965 నాటి మునిసిపాలిటీల చట్టం బదులు కార్పొరేషన్ల చట్టం వర్తిస్తుంది. ఈ రెండోది 1955లో హైదరాబాద్ కోసం చేసిన చట్టమే, 1994లో మిగతా కార్పొరేషన్లకీ వర్తింపజేశారు. ఆ చట్టం ప్రకారం మేయర్ అధ్యక్షత వహిస్తారు, కార్యనిర్వహణ మాత్రం కమిషనర్ చేతిలో ఉంటుంది, ఆ కమిషనర్ని నియమించేది, బదిలీ చేసేది రాష్ట్ర ప్రభుత్వం. పొలం దున్నేది ఒకరు, పాసుపుస్తకం ఇంకొకరి పేరున ఉన్నట్టు.

2021 మార్చిలో విజయనగరంలో 50 డివిజన్లకి ఎన్నికలు జరిగాయి. శ్రీకాకుళంలో జరగలేదు. అంతకు ముందు 2014లో రాష్ట్రంలోని చాలా ఊళ్లలో జరిగినప్పుడూ అక్కడ జరగలేదు. చుట్టుపక్కల పంచాయతీలని నగరంలో కలపడం, దాని మీద అభ్యంతరాలు, కోర్టు కేసులు, హద్దులు తేలకపోవడం, ఈ లోపు కౌన్సిల్ బదులు ప్రభుత్వం వేసిన ప్రత్యేకాధికారి పాలన, అలా ఏళ్లు గడిచిపోయాయి. 2010 తర్వాత ఓటు వచ్చినవాళ్లలో చాలామందికి ఇప్పుడు ముప్పై దాటాయి, సొంత ఊళ్లో కార్పొరేటర్‌కి ఒక్క ఓటు వేసి ఎరగరు.

243యూ అధికరణం ఐదేళ్లు పూర్తయ్యేలోపే ఎన్నికలు జరగాలని స్పష్టంగా చెబుతుంది. కిషన్ సింగ్ తోమర్ కేసులో 2006లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది, హద్దుల పని కాలేదనో ఇంకొకటనో సాకు చూపి వాయిదా వెయ్యకూడదని. మరి శ్రీకాకుళంలో ఇలా ఎందుకైంది? చిక్కు పని జరిగే వరుసలో ఉంది. ఏ గ్రామాలు నగరంలో కలవాలో నిర్ణయించేది రాష్ట్ర ప్రభుత్వం. డివిజన్ల హద్దులు గీసేదీ, రిజర్వేషన్లు ఖరారు చేసేదీ ప్రభుత్వ యంత్రాంగమే. ఇవన్నీ అయ్యాకే రాష్ట్ర ఎన్నికల సంఘం నోటిఫికేషన్ ఇవ్వగలదు. ముందు మెట్టు దగ్గర కేసు పడితే చివరి మెట్టు దాకా ఏదీ కదలదు, కదలకపోతే ఇబ్బంది పడే ప్రభుత్వమూ లేదు, ఎందుకంటే ఈ మధ్యకాలంలో ఊరిని నడిపేది ఆ ప్రభుత్వ అధికారులే. పార్టీలు మారినా ఈ ఒక్క విషయంలో పద్ధతి మారలేదు.

గ్రామాలవాళ్లు కలవడానికి వెనకాడడం వెనకా ఒక చట్టం ఉంది. ఉపాధి హామీ పని గ్రామీణ ప్రాంతాలకే. పంచాయతీ నగరంలో కలిసిన రోజు నుంచి అక్కడి కూలీకి ఆ పని దినాలు పోతాయి, పన్నులు మాత్రం పట్టణ రేటుకి మారతాయి. మంచినీటి పైపు, డ్రైనేజీ ఎప్పుడొస్తాయో ఎవరూ రాసివ్వరు. ఇంట్లో ఇద్దరు పనికి పోయే కుటుంబానికి ఈ లెక్క చాలా సూటిగా అర్థమవుతుంది, అందుకే సర్పంచి పదవి పోతుందన్న రాజకీయ నాయకుల బాధకి ఊరి జనం మద్దతు కూడా కలుస్తుంది.

ఇక కౌన్సిల్ ఉండడం వల్ల విజయనగరానికి ఏం ఒరిగింది అనేది అసలు ప్రశ్న. కాలవ పూడిక తీయించడం, వీధిదీపం వేయించడం, ఏ డివిజన్‌లో సీసీ రోడ్డు ముందు పడాలి అన్న తగాదా, ఇవన్నీ కౌన్సిల్ సమావేశంలో బయటికొస్తాయి, పేపర్లో పడతాయి, ఇంటి దగ్గర నిలదీయడానికి ఒక మనిషి ఉంటాడు. ఇది తీసిపారేసేంత చిన్నది కాదు. శ్రీకాకుళంలో అదే పనికి ఎమ్మెల్యే ఆఫీసుకో, సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్సుకో పోవాలి. కానీ పన్ను సూత్రం, భవన నిబంధనలు, ఇళ్ల స్థలాలు, రవాణా లాంటి పెద్ద విషయాల్లో రెండు ఊళ్లకీ వచ్చిన ఉత్తర్వులు ఒకటే. కౌన్సిల్ ఎలా ఉండాలన్నది కూడా పైనుంచే వస్తుంది. 2021లో చట్టం మార్చి రెండో డిప్యూటీ మేయర్ పదవి సృష్టించారు, విజయనగరం ఆ పదవి కావాలని అడిగిందీ లేదు, వద్దనే అవకాశమూ లేదు.

ఎవరూ పెంచకుండానే పెరిగే పన్ను

పాత పద్ధతిలో ఇంటి పన్నుకి ఆధారం వార్షిక అద్దె విలువ. ఆ ఇల్లు అద్దెకిస్తే ఏడాదికి ఎంతొస్తుందో అంచనా వేసి అందులో కొంత శాతం పన్నుగా కట్టించుకునేవాళ్లు. నివాస గృహాలకి ఆ అద్దె విలువలు 2002 తర్వాత సవరించలేదు, దుకాణాలకీ ఆఫీసులకీ 2007 తర్వాత సవరించలేదు. ఎన్నికలకి ముందు పన్ను పెంచే ధైర్యం ఎవరికీ ఉండదు కాబట్టి అలా నడిచింది.

2020లో కరోనా వచ్చి రాష్ట్రాల ఆదాయం పడిపోయింది. కేంద్రం రాష్ట్రాలకి అదనంగా అప్పు తెచ్చుకునే వీలిచ్చింది గానీ అందులో కొంత భాగానికి షరతులు పెట్టింది. పట్టణాల్లో ఆస్తి పన్నుని రిజిస్ట్రేషన్ విలువలతో ముడిపెట్టాలన్నది వాటిలో ఒకటి. ఆ ఏడాది నవంబరులో ఆంధ్రప్రదేశ్ మునిసిపల్ చట్టాలని సవరించి మూలధన విలువ పద్ధతి, అంటే అద్దె బదులు ఆస్తి రిజిస్ట్రేషన్ విలువ మీద పన్ను వేసే పద్ధతి తెచ్చింది, 2021 ఏప్రిల్ నుంచి అమలు. అంటే ఢిల్లీలో పెట్టిన అప్పు షరతు, అమరావతిలో చట్టమై, విజయనగరం కంటోన్మెంట్‌లోనో శ్రీకాకుళం గుజరాతీపేటలోనో ఒక ఇంటి గుమ్మానికి నోటీసుగా వచ్చింది. మధ్యలో ఊరి పాత్ర దాదాపు లేదు. నివాసాలకి విలువలో 0.10 నుంచి 0.50 శాతం, వాణిజ్య భవనాలకి 0.20 నుంచి 2 శాతం అని ప్రభుత్వం గీత గీసింది, ఆ గీత లోపల అంకె ఎంచుకోవడమే స్థానిక సంస్థ పని. విజయనగరంలో కౌన్సిల్, శ్రీకాకుళంలో ప్రత్యేకాధికారి, అంతే తేడా.

జనాన్ని ఎక్కువగా తికమక పెడుతున్నది 15 శాతం పరిమితి. కొత్త లెక్కతో పన్ను ఒక్కసారిగా రెండు మూడింతలైతే గోల అవుతుందని, ముందు ఏడాది కట్టినదానికి 15 శాతానికి మించి పెంచకూడదని నిబంధన పెట్టారు. వినడానికి ఊరటగా ఉంటుంది. ఒక ఊహాజనితమైన ఇల్లు తీసుకుందాం. స్థలం, కట్టడం కలిపి విలువ 20 లక్షలు, రేటు 0.12 శాతం అనుకుంటే ఏడాదికి పన్ను 2,400 రూపాయలు. పాత పద్ధతిలో వీళ్లు కట్టేది 1,000. మొదటి ఏడు 1,150 కడతారు, రెండో ఏడు 1,323, మూడో ఏడు 1,521, తర్వాత 1,749, 2,011, 2,313, ఏడో ఏడాదికి 2,400 చేరతారు. అంటే ఏడేళ్లపాటు వరసగా ప్రతి నోటీసులో అంకె పెరుగుతుంది, ఆ మధ్యలో ప్రభుత్వం మారినా సరే, కొత్త నిర్ణయం ఏదీ తీసుకోకపోయినా సరే. ఈ ఏడాది మళ్లీ పెంచేశారు అని జనం అనేది, మేం ఏమీ పెంచలేదు అని అధికారులు అనేది, రెండూ నిజమే.

ఇంకో మెలిక ఏంటంటే ఆ 20 లక్షల విలువ ఎక్కడా ఆగి ఉండదు. అది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పుస్తకంలోని విలువ. 2025 ఫిబ్రవరి 1న రాష్ట్రంలో భూముల విలువలు సవరించినట్టే ఎప్పుడు సవరించినా చేరాల్సిన గమ్యం ఇంకా పైకి జరుగుతుంది. స్థలం అమ్మే ఉద్దేశం లేనివాడికి రిజిస్ట్రేషన్ విలువ పెరిగితే పట్టింపు ఉండదని అనుకుంటాం గానీ, ఇప్పుడు ఆ పుస్తకమే అతని ఇంటి పన్ను నిర్ణయిస్తోంది. బకాయికి నెలకి 2 శాతం వడ్డీ కూడా చట్టంలోదే. ఆర్థిక సంవత్సరం చివర్లో ఆ వడ్డీ మాఫీ చేస్తున్నట్టు జీవో వస్తే మంచిపేరు ప్రభుత్వానికి, తగ్గిన ఆదాయం కార్పొరేషన్‌కి. టైముకి కట్టినవాళ్లు మాత్రం మనమే అమాయకులమా అనుకుంటారు, అందులో న్యాయం లేకపోలేదు.

చెత్త రుసుం కథ ఇంకా చిన్నది. 2021లో పైనుంచి పెట్టారు, 2024 చివర్లో పైనుంచే తీసేశారు. చెత్త బండి మాత్రం రోజూ తిరగాలి, డ్రైవరుకి జీతం, డీజిలు ఖర్చు ఊరిదే.

రిజిస్ట్రేషన్ అవుతుంది, ప్లాన్ రాదు

జాతీయ రహదారి పక్కన, విజయనగరం నుంచి విశాఖ వైపు వెళ్లే దారిలో, శ్రీకాకుళం చుట్టూ ఆమదాలవలస, ఎచ్చెర్ల వైపు, ఎక్కడ చూసినా వెంచర్ల బోర్డులే. బోర్డు మీద 'వీఎంఆర్డీఏ ప్రపోజ్డ్' అని పెద్ద అక్షరాల్లో రాస్తారు. వీఎంఆర్డీఏ అంటే విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ. దరఖాస్తు పెట్టామని మాత్రమే దానర్థం, అనుమతి వచ్చిందని కాదు. అనుమతి ఉన్నదానికి ఎల్పీ నంబరు, అంటే లేఅవుట్ అనుమతి నంబరు ఉంటుంది.

లేఅవుట్ నిబంధనలు రాష్ట్రానివి, 2017లో కొత్తగా రాశారు. రోడ్ల వెడల్పు ఇంత ఉండాలి, 10 శాతం ఖాళీ స్థలం స్థానిక సంస్థకి రాసివ్వాలి, డ్రైన్లు, కరెంటు స్తంభాలు వెయ్యాలి, పనులు పూర్తయ్యేదాకా కొన్ని ప్లాట్లు తనఖా పెట్టాలి. ఇవన్నీ పాటిస్తే ఎకరంలో సగానికి కాస్త పైన మాత్రమే అమ్ముకోవడానికి మిగులుతుంది. పాటించకుండా సన్నటి మట్టిరోడ్డు వదిలి మిగతాదంతా ప్లాట్లు వేస్తే గజం రేటు తగ్గించి అమ్మొచ్చు. టీచరు ఉద్యోగం చేసే మనిషో, గల్ఫ్ నుంచి డబ్బు పంపే కుర్రాడి తండ్రో ఆ తక్కువ రేటు చూసే కొంటారు. దస్తావేజు సాఫీగా రిజిస్టర్ అవుతుంది. ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) తీస్తే పేరు కనిపిస్తుంది. ఇల్లు కట్టుకుందామని ప్లాన్‌కి పెడితే అప్పుడు బయటపడుతుంది, లేఅవుట్‌కి అనుమతే లేదని.

ఒక ప్రభుత్వ ఆఫీసు డబ్బు తీసుకుని రిజిస్టర్ చేసినదాన్ని ఇంకో ఆఫీసు చెల్లదనడం ఏంటి? రెండు ఆఫీసులవీ వేరు వేరు చట్టాలు. రిజిస్ట్రేషన్ 1908 నాటి కేంద్ర చట్టం కింద జరుగుతుంది. ఎవరు ఎవరికి అమ్మారో నమోదు చేయడం దాని పని, ఆ స్థలంలో ఇల్లు కట్టొచ్చా లేదా అన్నది దాని పని కాదు. రిజిస్టర్ చెయ్యకూడని భూముల జాబితా, అంటే 22ఏ జాబితాలో ఉంటే తప్ప సబ్ రిజిస్ట్రార్ ఆపడు, ఆపితే 5 శాతం స్టాంపు డ్యూటీ, 1.5 శాతం బదిలీ సుంకం, 1 శాతం రిజిస్ట్రేషన్ ఫీజు పోతాయి. ఆ బదిలీ సుంకం స్థానిక సంస్థలకి చెందాల్సిన వాటా కావడం ఇందులో ఇంకో విచిత్రం, అక్రమ లేఅవుట్‌లో ప్లాటు అమ్ముడుపోయినా ఊరికి పావలా వస్తుందన్నమాట.

తర్వాత క్రమబద్ధీకరణ పథకం వస్తుంది. 2007లో భవనాలకీ లేఅవుట్లకీ వేరువేరుగా బీపీఎస్, ఎల్ఆర్ఎస్ తెచ్చారు. బీపీఎస్ 2015లో, 2019లో మళ్లీ వచ్చింది, ఎల్ఆర్ఎస్ 2020లో మళ్లీ వచ్చింది. ప్రతిసారీ ఇదే ఆఖరు అంటారు. పార్కుకి వదలని స్థలానికి బదులుగా ప్లాటు విలువలో 14 శాతం కట్టించుకుని రాజీ చేస్తారు, ఆ భారం వెంచర్ వేసి వెళ్లిపోయిన మనిషి మీద కాదు, కొన్నవాడి మీద పడుతుంది. డబ్బు వస్తుంది గానీ పార్కు రాదు, రోడ్డు వెడల్పు అవదు. వరదనీరు పోయే దారి లేని కాలనీకి తర్వాత పదేళ్లూ కార్పొరేషన్ డ్రైను వెయ్యాలి. ఆఖరుది ఎప్పుడూ ఆఖరు కాదని మార్కెట్‌కి తెలిసిపోయాక నిబంధనలు పాటించి లేఅవుట్ వేసేవాడే నష్టపోతాడు.

మాస్టర్ ప్లాన్లకి మూలమైన టౌన్ ప్లానింగ్ చట్టం 1920 నాటిది, 1950లో ఏర్పడిన శ్రీకాకుళం జిల్లాకంటే ముప్పై ఏళ్లు పెద్దది. దాని పైన 2016 పట్టణాభివృద్ధి సంస్థల చట్టం వచ్చింది. విజయనగరం విశాఖతో కలిసి వీఎంఆర్డీఏ పరిధిలో ఉంది, శ్రీకాకుళానికి సుడా అనే సొంత పట్టణాభివృద్ధి సంస్థ ఉంది. ఈ సంస్థలకి అధ్యక్షుల్ని ప్రభుత్వమే వేస్తుంది. ఊరు ఏ వైపు పెరగాలో గీసే పెన్సిలు కౌన్సిల్ చేతిలో లేదు.

ఊరవతల పుట్టిన ఊరు

2020 డిసెంబరు 30న విజయనగరం దగ్గర గుంకలాంలో అప్పటి ముఖ్యమంత్రి జగన్ ఇళ్ల పట్టాలు పంచారు. 397 ఎకరాలు, 12,301 ప్లాట్లు. ఇంటికి నలుగురనుకున్నా నిండితే 50 వేల మంది, 2011 లెక్కల్లో సాలూరు పట్టణం జనాభా అంత. పట్టణ లబ్ధిదారుకి ఒక సెంటు, అంటే 48 గజాల పైచిలుకు, ఇల్లు కట్టుకోవడానికి 1.80 లక్షలు.

ఈ స్థలం ఎంపికలో నగర ప్రణాళిక కంటే భూమి ధరే ఎక్కువ మాట్లాడింది. 2013 భూసేకరణ చట్టం కింద ఊరి నడుమ భూమి కొంటే ఖర్చు భరించలేనిది, కాబట్టి రెవెన్యూవాళ్లకి ఒకేచోట పెద్ద విస్తీర్ణం దొరికిన దూరపు నేలే ఖాయమవుతుంది. చీపురుపల్లి రోడ్డులోనో కొత్తపేటలోనో అద్దెకుంటూ మేస్త్రీ పనికో, షాపులో పనికో నడిచిపోయే కుటుంబం ఆ లేఅవుట్‌కి మారితే సొంతిల్లు వస్తుంది, దాంతోపాటు రోజూ రానూపోనూ ఆటో ఛార్జీ వస్తుంది. ఇద్దరు పనికి పోతే అది దాదాపు ఒక చిన్న అద్దె. పునాదులు లేచి ఆగిపోయిన ఇళ్లకి డబ్బు చాలకపోవడం ఒక కారణమైతే ఈ దూరం రెండో కారణం. లబ్ధిదారులు నగరంవాళ్లు, నేల నగర సరిహద్దు అవతల, లేఅవుట్ పనులు గృహనిర్మాణ శాఖవి. నీళ్ల ట్యాంకరు రాకపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలో తేల్చుకోవడమే ఒక పని.

టిడ్కో ఇళ్లది ఇంకో దారి. 300, 365, 430 చదరపు అడుగుల ఫ్లాట్లు, విజయనగరంలో సారిపల్లి, సోనియానగర్ దగ్గర, శ్రీకాకుళంలో పాత్రునివలస దగ్గర కట్టారు. కట్టింది టిడ్కో అనే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ. ఒక ప్రభుత్వం మొదలుపెట్టింది, తర్వాతి ప్రభుత్వం నిబంధనలు మార్చి 300 అడుగుల ఇల్లు రూపాయికి ఇస్తామంది, ఇంకో ప్రభుత్వం వచ్చి ఇళ్ల స్థలాల విస్తీర్ణమే పట్టణంలో రెండు సెంట్లు అంది. ప్రతి మార్పుకీ జాబితాలు తిరగరాయడం, సర్వేకి వార్డు సచివాలయం సిబ్బంది తిరగడం. బ్యాంకు లోను మీద సంతకం పెట్టి తాళం చేతికి రాకుండా అద్దె కడుతూ ఉన్నవాళ్లకి ఇది చాలా టెన్షన్ పెట్టిన వ్యవహారం.

బస్సు, ఆటో, పార్కింగ్

ఇళ్లు దూరంగా కట్టే నిర్ణయం ఒక శాఖది, అక్కడికి బండి వెయ్యడం ఇంకో శాఖది. ఆర్టీసీ 1950 నాటి కేంద్ర చట్టం కింద నడిచే సంస్థ, 2020 జనవరి 1 నుంచి దాని ఉద్యోగులు ప్రభుత్వ ఉద్యోగులు. ఏ రూటులో ఎన్ని ట్రిప్పులు వెయ్యాలన్నది డిపో లెక్క, రాబడి లెక్క. విశాఖలో ఉన్నట్టు సిటీ సర్వీసుల వ్యవస్థ ఈ రెండు ఊళ్లలో పెరగలేదు, ఆర్టీసీ కాంప్లెక్సులు, అంటే బస్టాండ్లు, ఉన్నవి ఊరి నుంచి ఊరికి పోయే బస్సుల కోసం. శ్రీకాకుళానికైతే రైల్వే స్టేషన్ కూడా ఊళ్లో లేదు, శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఆమదాలవలసలో ఉంది. ఆ ఖాళీని షేర్ ఆటోలు నింపాయి.

చట్టం దృష్టిలో షేర్ ఆటో అనేది లేదు. మోటారు వాహనాల చట్టం ప్రకారం ఆటో పర్మిట్ కాంట్రాక్ట్ క్యారేజీది, అంటే మొత్తం బండి ఒకరికి మాట్లాడుకోవాలి. దారిలో ఒక్కొక్కరినీ ఎక్కించుకుని విడివిడిగా ఛార్జీ తీసుకోవడం బస్సుకిచ్చే స్టేజి క్యారేజీ పర్మిట్ పని. కాబట్టి శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గరో, విజయనగరం మయూరి జంక్షన్ దగ్గరో జనాన్ని పిలిచి ఎక్కించుకునే ప్రతి ఆటో ఒక విధంగా పర్మిట్ ఉల్లంఘించి ఊరికి సేవ చేస్తోంది. కాగితం మీద లేనిదానికి రూటు గీయలేరు, స్టాండు కేటాయించలేరు, ఛార్జీ బోర్డు పెట్టలేరు. మిగిలేది చలానా ఒక్కటే.

ఆటోల సంఖ్యకి పరిమితి పెట్టే ఏర్పాటు అదే చట్టంలో 74వ సెక్షన్‌లో ఉంది గానీ అది 5 లక్షలకి తగ్గని జనాభా ఉన్న నగరాలకి. 2011లో విజయనగరం జనాభా 2.28 లక్షలు, శ్రీకాకుళం అందులో సగానికి కాస్త పైన. పార్కింగ్ చోట్లు నిర్ణయించే అధికారం 117వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వానికి, లేదా అది నియమించినవారికి ఉంది, స్థానిక సంస్థని సంప్రదించాలంతే. ఇక ప్రధాన రోడ్డు ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల) శాఖది, హైవే కేంద్రానిది, సిగ్నల్ దగ్గర నిలబడేది పోలీసు శాఖ. విజయనగరం గంటస్తంభం దగ్గర ట్రాఫిక్ ఆగిపోయిందని కార్పొరేషన్‌ని తిట్టడం తేలిక, అక్కడ కార్పొరేషన్ సొంతంగా చెయ్యగలిగింది ఆక్రమణలు తీయించడం వరకే.

2025 ఆగస్టు 15 నుంచి మహిళలకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. బస్సు తిరిగే దారిలో ఉన్న ఇంటికి ఇది నెలకి చెప్పుకోదగ్గ ఆదా. బస్సు రాని కాలనీలో ఉన్నవాళ్లకి ఆటో ఛార్జీ అలాగే ఉంది. ఆటోవాళ్ల గిరాకీ తగ్గిందని గోల వచ్చాక అక్టోబరులో ఏటా 15 వేల సాయం మొదలుపెట్టారు. ఒకే ఊరి రవాణా మీద మూడు నెలల లోపు రెండు పెద్ద నిర్ణయాలు, ఒక్కటీ కార్పొరేషన్ ఎజెండాలోంచి వెళ్లలేదు.

రోడ్డు వెడల్పు అనే ముడి

రోడ్డు వెడల్పు చేయాలంటే ఇళ్లవాళ్లకి డబ్బో, టీడీఆర్ బాండో ఇవ్వాలి. టీడీఆర్ అంటే పోయిన స్థలానికి బదులు ఇంకోచోట అదనపు అంతస్తు కట్టుకునే హక్కు, దాన్ని అమ్ముకోవచ్చు. విశాఖలో బిల్డర్లు కొంటారు. రెండు మూడంతస్తుల దగ్గరే ఆగే ఊళ్లో అదనపు అంతస్తు ఎవరికి కావాలి? పెద్ద నగరం కోసం రాసిన ఏర్పాటు చిన్న నగరంలో కాగితంగా మిగులుతుంది. డబ్బు ఇద్దామంటే కార్పొరేషన్ దగ్గర ఉండదు. అందుకే మాస్టర్ ప్లాన్‌లో 60 అడుగులని గీసిన రోడ్డు నేల మీద దశాబ్దాలపాటు 30 దగ్గరే ఉంటుంది, ఈ లోపు ఆ గీతలో పడ్డ ఇంటికి ప్లాన్ దొరకదు.

దగ్గర్లో మారగలిగేవి

విజయనగరం పాలకవర్గం ఐదేళ్ల గడువు 2026 మార్చితో సరి, కాబట్టి ఆ తర్వాత ఎన్నికలు ఆలస్యమైతే అక్కడ కూడా ప్రత్యేకాధికారి వచ్చి రెండు ఊళ్లూ సమానమవుతాయి. శ్రీకాకుళం విషయంలో కేసులతో పాటు జనగణన కూడా ముడిపడింది. 2027 జనగణన కోసం 2025 డిసెంబరు 31 తర్వాత పాలనా సరిహద్దులు కదపకూడదని కేంద్రం రాష్ట్రాలకి చెప్పింది. అంటే కొత్తగా గ్రామాలు కలపడం, తీసెయ్యడం లెక్కలు పూర్తయ్యేదాకా కుదరదు. ఉన్న హద్దులతోనే డివిజన్లు తేల్చి ఎన్నికలు పెట్టడానికి మాత్రం ఇది అడ్డం కాదు, అది ప్రభుత్వం తలుచుకోవాల్సిన పని.

ఆ జనాభా లెక్కలే విజయనగరానికి ఇంకో తలుపు తీయవచ్చు. 243ఎస్ అధికరణం ప్రకారం 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు తప్పనిసరి. 2.28 లక్షల ఊరు పదహారేళ్లలో ఆ గీత దాటిందో లేదో 2027 చెబుతుంది. దాటితే కమిటీలు వెయ్యక తప్పదు, వాటిలో ఎవరుండాలి, ఎలా ఎంచుకోవాలి అన్నది మాత్రం అదే అధికరణం మళ్లీ శాసనసభకే వదిలింది.